అసకుస గుడిమెట్ల దగ్గర ఆరో జత

ఆ రోజుల్లో మా ఇంట్లో రెండు నమ్మకాలు రాజ్యం చేసేవి. గుడి దగ్గర విడిచిన చెప్పులు పోతే శని వదిలినట్టేనన్నది అమ్మమ్మ నమ్మకం. జపాన్‌లో ఏ వస్తువూ పోనే పోదన్నది బాబాయి నమ్మకం. ఈ రెండూ ఎప్పుడూ ఒక ఊళ్లో కలుసుకోలేదు కాబట్టి మాకు అప్పటిదాకా ఏ ఇబ్బందీ రాలేదు. నవంబరు చివరి ఆదివారం నాడు, టోక్యోలో, అసకుస అనే పాత పేటలో, ఒక పెద్ద బౌద్ధ దేవాలయం మెట్ల కింద అవి రెండూ ఎదురుపడ్డాయి. మేం ఐదుగురం ప్రదక్షిణలు ముగించుకుని, ధూపం కళ్లకద్దుకుని, ఎంతో ప్రశాంతంగా మెట్లు దిగి వచ్చేసరికి, వరసగా విడిచి వెళ్లిన పాదరక్షల్లో ఒక్క జత కూడా లేదు. రాతినేల అప్పుడే తుడిచినట్టు శుభ్రంగా ఉంది.

“పోన్లెండి, శని వదిలింది,” అంది అమ్మమ్మ, మనస్ఫూర్తిగా.

“అత్తయ్యగారూ,” అన్నాడు బాబాయి గొంతు తగ్గించి, “శనితో పాటు లాకర్ తాళంచెవి కూడా వదిలిందండీ. నా ఎడమ బూట్లో పెట్టాను.”

ఆ లాకరు ఉయెనో అనే రైల్వే స్టేషన్‌లో ఉంది. అందులో మా చేతిసంచులున్నాయి. ఒక సంచిలో మా అందరి పాస్‌పోర్టులున్నాయి. వాటిలో నాదాంట్లో, ఎన్నో వారాలు ఏడిపించి ఆఖరికి కరుణించిన అమెరికా వీసా ఉంది. సాయంత్రం మా విమానం. మర్నాడు సోమవారం పొద్దున్న అరిజోనాలో నా మొదటి ఉద్యోగానికి మొదటి రోజు. ఆ సోమవారం నేను వెళ్లి కూర్చోకపోతే ఆ కుర్చీలో ఇంకొకరు కూర్చుంటారు.

ఇక్కడ కాస్త వెనక్కి వెళ్లాలి. అరిజోనాలోని చాండ్లర్‌లో మా పిన్నీ బాబాయీ ఉండే వీధిలో తెలుగువాళ్లంతా ఇంజనీర్లే. పక్క ఇంటాయన చిప్ ఫ్యాక్టరీ, ఎదురింటావిడ చిప్ ఫ్యాక్టరీ, మా బాబాయి సరేసరి. అలాంటి వీధికి నేను జర్నలిజం చదవడానికి వచ్చాను. శనివారం తలా ఒక వంట తెచ్చుకునే పాట్‌లక్‌లలో ఆంటీలు నన్ను పక్కకు పిలిచి, “ఏం ఫర్వాలేదమ్మా, టెస్టింగ్ కోర్సు మూడు నెలలే, మా వారితో చెప్తాను,” అని ధైర్యం చెప్పేవారు (ఒకావిడైతే నాకేదో జబ్బు చేసినట్టు చెయ్యి కూడా నిమిరింది). అలాంటిది, పక్క ఊళ్లో ఒక చిన్న దినపత్రిక నన్ను కాపీ ఎడిటర్‌గా తీసుకుంటానంది, వీసా కూడా స్పాన్సర్ చేస్తానంది. పిన్ని ఆ ఆఫర్ లెటర్‌ని దేవుడి దగ్గర పెట్టి దణ్ణం పెట్టింది. బాబాయి దాన్ని తిరగేసి మరగేసి చూసి, “జీతం వెనక పేజీలో ఉందా?” అని అడిగాడు.

మా మావయ్య పెళ్లికి కాకినాడ వెళ్లి, పనిలో పనిగా హైదరాబాద్‌లో వీసా స్టాంపింగ్ చేయించుకుందామనుకున్నాను. కాన్సులేట్ కిటికీ వెనకున్న ఆయన నా కాగితాలు చూసి, “న్యూస్‌పేపరా?” అన్నాడు. అవునన్నాను. “సాఫ్ట్‌వేర్ కాదా?” అన్నాడు. కాదన్నాను. పొద్దుట్నుంచీ కోడింగ్ గురించి వింటున్న మనిషికి నేను ఒక వింతలా కనిపించానేమో, ఇంకా పరిశీలించాలంటూ ఒక రంగు చీటీ చేతికిచ్చి పంపించాడు. ఆ పరిశీలన ఎంతకీ తెగలేదు. అక్కడ మా ఎడిటర్ ఒకసారి నా చేరిక వాయిదా వేశాడు, రెండోసారి వేశాడు, మూడోసారి మాత్రం ఫోన్‌లో ఎంతో మర్యాదగా, “ఈ సోమవారం దాటితే నా చేతుల్లో ఏమీ ఉండదు,” అన్నాడు. పెళ్లిపందిట్లో తలంబ్రాలు పోస్తుండగా కొరియర్ అబ్బాయి పాస్‌పోర్టు పట్టుకొచ్చాడు. అక్షింతలు వాళ్ల మీద వేయాల్సింది, గాభరాలో నేను కొరియర్ అబ్బాయి మీద వేశాను.

తిరుగు ప్రయాణం టోక్యో మీదుగా. తాతయ్య కొత్త దంపతుల వ్రతాలూ అవీ చూసుకుని తర్వాత వస్తానన్నారు కాబట్టి అమ్మమ్మ మాతో బయల్దేరింది. బాబాయి, పిన్ని, వాళ్లమ్మాయి చిట్టి (అప్పటికి తొమ్మిదేళ్లది, చాండ్లర్‌లో పుట్టి పెరిగింది), అమ్మమ్మ, నేను. పొద్దున్నే అక్కడి నరిటా విమానాశ్రయంలో దిగుతాం, సాయంత్రం దాకా లాస్ ఏంజెలస్ విమానం లేదు. ఆ మధ్య సమయం ఎయిర్‌పోర్టులోనే ఒక మూల కూర్చుందామని నా ఉద్దేశం. బాబాయి మాత్రం ఏజెంటుతో ట్రాన్సిట్ వీసాలు కూడా తెప్పించేశాడు.

“అమ్మాయ్, టోక్యో దాకా వచ్చి ఎయిర్‌పోర్ట్ కుర్చీలు చూసి పోతామా? సిటీ అంతా నేను కవర్ చేయిస్తాను కదా.”

“బాబాయ్, సోమవారం నేను...”

“ఇక్కడ ఆదివారం సాయంత్రం ఎక్కితే అక్కడ ఆదివారం పొద్దున్నే దిగుతాం. కాలమే మన జేబులో ఉంది. నీకెందుకు టెన్షన్, నేనున్నాగా!”

ఈ ‘నేనున్నాగా’ వెనక చరిత్ర ఏమిటంటే, అంతకు ముందెప్పుడో ఆఫీసు పని మీద బాబాయి టోక్యోలో కొన్నాళ్లున్నాడు. రైల్లో మర్చిపోయిన గొడుగు మర్నాటికల్లా హోటల్ గదికి వచ్చిందట, అదీ నీట్‌గా మడతపెట్టి. ఆ గొడుగు కథ చాండ్లర్‌లో వినని తెలుగువాడు లేడు. (ఆ కొన్నాళ్లూ ఆయన కంపెనీ బస్సులో హోటల్ నుంచి ఫ్యాక్టరీకీ, ఫ్యాక్టరీ నుంచి హోటల్‌కీ తప్ప ఇంకెక్కడికీ వెళ్లలేదనీ, ఆ గొడుగు ఒక్కటే ఒంటరిగా ఊరు చూసిందనీ పిన్ని నాకు చాలా ఆలస్యంగా చెప్పింది.)

నరిటాలో దిగగానే అమ్మమ్మ మా ఆడవాళ్లందర్నీ బాత్రూమ్‌కి తీసుకెళ్లి, హ్యాండ్‌బ్యాగ్‌లోంచి పసుపు డబ్బా తీసింది. పెళ్లినాటి పారాణి ఇంకా మా పాదాల చుట్టూ ఎర్రగా ఉంది. దాని మీద మళ్లీ పసుపు. “పదహారు రోజుల పండగ అయ్యేదాకా పెళ్లింటి ఆడవాళ్లు తెల్ల కాళ్లతో తిరక్కూడదే,” అంటూ అరికాళ్లతో సహా దట్టించింది. “అమ్మమ్మా, కొత్త షూస్! ఉద్యోగం కోసం కొనుక్కున్నాను,” అని నేను మొత్తుకున్నా వినలేదు. “ఉద్యోగానికి పసుపు తగిలితే మంచిదే,” అంది. చిట్టి, “ఇట్ టికిల్స్, అమ్మమ్మా!” అని ఎగురుతోంది. పక్క అద్దం ముందు నిలబడ్డ జపాన్ ఆవిడ మమ్మల్ని చూడకుండా ఉండడానికి ఎంత కష్టపడిందో ఆవిడ చెవులు చూస్తే తెలిసింది. అమ్మమ్మ తన కాళ్లకీ రాసుకుని, అమెరికా కోసమని కొన్న తెల్ల స్పోర్ట్స్ షూస్‌లోకి మేజోళ్లు లేకుండానే దూర్చింది. జరీ అంచు చీర కింద అవి రెండు కుందేలు పిల్లల్లా ఉన్నాయి.

ఇక ఊరు చూడడం మొదలైంది. రైల్లో ఉయెనో స్టేషన్‌కి వచ్చి, చేతిసంచులు లాకర్‌లో పెట్టాం. “పాస్‌పోర్టులు కూడా లోపలే పెట్టెయ్, జేబుల్లో ఉంటే రిస్కు,” అన్నాడు బాబాయి. ఏ వస్తువూ పోని దేశంలో జేబులో రిస్కేమిటని అడగాల్సిన విలేఖరిని నేనే, అడగలేదు. రైల్లో అంతమంది ఉండి ఒక్కరూ మాట్లాడకపోవడం అమ్మమ్మకి అర్థం కాలేదు. “ఏమే, వీళ్లింట్లో ఎవరైనా పోయారా?” అని పెట్టె అంతటికీ వినపడేలా అడిగింది. ఉయెనో పార్కులో చెట్ల ఆకులు పసుపుపచ్చగా రాలుతుంటే బెంచీ మీద కూర్చుని పులిహోర తిన్నాం. కాకులు వచ్చి చుట్టూ వాలాయి. అవి మన కాకులకు రెట్టింపు ఉన్నాయి. అమ్మమ్మ వాటికో ముద్ద పెట్టబోతే చిట్టి, “నో అమ్మమ్మా, సైన్ చూడు, ఫీడ్ చేయొద్దని ఉంది,” అంది. “అది మామూలు వాళ్లకే, పెద్దవాళ్ల పేరు చెప్పి పెట్టేది వేరు,” అంది అమ్మమ్మ. తిన్నాక పులిహోర కాగితాలు పడేయడానికి చెత్తబుట్ట కోసం వెతికితే, ఆ మహానగరంలో ఒక్కటీ కనిపించలేదు. పిన్ని ఆ నూనె కాగితాల సంచీ చేతికి తగిలించుకుని రోజంతా మోసింది.

అక్కణ్ణుంచి రాజభవనం. లోపలికి వెళ్లనివ్వరు, కందకం ఇవతల నిలబడి వంతెన చూడాలి. “రాజుగారు ఇంట్లో ఉన్నారా?” అంది అమ్మమ్మ. ఉంటారన్నాడు బాబాయి. “మరి గుమ్మం దాకా వచ్చి పలకరించకుండా పోవడం ఏం మర్యాద బాబూ?” ఆ తర్వాత ఎలక్ట్రానిక్స్ బజారు. అక్కడ అన్నం ఉడికితే పాట పాడే రైస్ కుక్కర్ ముందు బాబాయి ఒక యుగం గడిపాడు. “మాది విజిల్ వేస్తుంది, అది చాలదూ?” అంది పిన్ని. ప్రతి చోటా నేను బాబాయి మణికట్టు వైపు చూడడం, ఆయన వాచీ చొక్కా చేతి కిందకి లాక్కుని, “బోలెడు టైముంది, లాస్ట్‌లో గుడి ఒక్కటే, అక్కణ్ణుంచి స్టేషన్ దగ్గరే,” అనడం. సందేహమన్నది ఆయన ఒంటికి పడదు. నాకూ, గడియారం సంగతి తప్పిస్తే, ఆ గుడి దాకా పడేది కాదనే చెప్పాలి. వీసా వచ్చేసింది, ఉద్యోగం ఉంది, పాదాలకు పసుపుంది. ఇరవయ్యారేళ్ల వయసులో ఇంకేం కావాలి.

ఎర్రటి పెద్ద లాంతరు వేలాడుతున్న ముఖద్వారం దాటి, అటూ ఇటూ దుకాణాలున్న సన్నటి వీధి దాటి గుడికి వచ్చాం. ఆవరణలో పెద్ద ఇత్తడి గంగాళంలో అగరొత్తుల పొగ లేస్తోంది. జనం ఆ పొగని చేతుల్తో తల మీదకి తీసుకుంటున్నారు. అది చూడగానే అమ్మమ్మకి ఊరు దొరికినట్టయింది. “ఇదిగో, ఇది మన పద్ధతే!” అని హారతి తీసుకున్నట్టు తీసుకుంది. మెట్ల దగ్గరికి రాగానే, ఎవరూ చెప్పకుండానే, మేం పెద్దవాళ్లం నలుగురం ఒకేసారి ఆగి, ఒకేసారి వంగి, పాదరక్షలు విప్పాం.

“మమ్మీ, ఎవ్రీబడీ షూస్‌తోనే వెళ్తున్నారు,” అంది చిట్టి.

నిజమే. వందలాది మంది బూట్లతోనే మెట్లెక్కుతున్నారు.

“వాళ్లకి తెలీదులే, నువ్వు విప్పు,” అంది పిన్ని.

“మమ్మీ, ఇది వాళ్ల టెంపుల్!”

“గుడి ఎవరిదైతేనేం, దేవుడికి కళ్లు లేవా? చెప్పులతో పోతే కళ్లు పోతాయి.”

“హూజ్ ఐస్? గాడ్స్?”

“నీవే! నోర్మూసుకుని విప్పు.”

చిట్టి తన లైట్లు వెలిగే బూట్లు విప్పింది. మెట్ల పక్కన ఒక వారగా, ఒక్కొక్క జతా సర్ది, వరసగా పెట్టాం. బాబాయి ట్రాక్ ప్యాంటు జేబు లోతు లేనిది. అందుకని తాళంచెవిని మేజోడులో చుట్టి ఎడమ బూటు లోపలికి తోశాడు. “తిరపతి టెక్నిక్. ఎవడూ బూట్లో చెయ్యి పెట్టడు,” అని నాకు కన్నుగీటి చూపించాడు. దారిన పోయే ఒక కుర్రాడికి కెమెరా ఇచ్చి, గుడి వెనకాల కనపడేలా ఫొటోలు తీయించాడు. అమ్మమ్మ కళ్లు మూసిందని మళ్లీ ఒకటి, పిన్ని చేతిలో పులిహోర సంచీ వచ్చిందని మళ్లీ ఒకటి. తర్వాత పైకి వెళ్లి దణ్ణం పెట్టుకున్నాం. అక్కడితో అయిపోయేదే. కానీ లోపలున్నది కరుణ చూపించే దేవత అని బాబాయి చెప్పగానే, “అయితే అమ్మవారే,” అని తేల్చి అమ్మమ్మ గుడి చుట్టూ ప్రదక్షిణలకు బయల్దేరింది. అది చిన్న గుడి కాదు. నవంబరు చలిలో, ఆ రాళ్ల మీద, వట్టికాళ్లతో మూడుసార్లు. “పిల్ల ఉద్యోగం కోసమే,” అంది. నేను వద్దనలేకపోయాను.

ఇక మొదట చెప్పిన చోటికి వచ్చాం. బూట్లు లేవు.

బాబాయి ముందు నవ్వాడు. “ఎవరో పక్కన సర్ది ఉంటారు. జపాన్ ఇది.” మెట్లకు అటుపక్క చూశాం, ఇటుపక్క చూశాం, పొగ గంగాళం వెనకాల చూశాం. పత్రికోద్యోగం చేయబోతున్నదాన్ని కదా, నేను రంగంలోకి దిగాను. ఎవరు, ఏమిటి, ఎప్పుడు, ఎక్కడ, ఎందుకు అని పాఠం చెప్పినట్టు దారిన పోయేవాళ్లని ఇంగ్లీషులో అడిగాను. వాళ్లు ఎంతో శ్రద్ధగా విని, మా కాళ్ల వైపు చూసి, నొచ్చుకుని, వంగి నమస్కారం చేసి వెళ్లిపోయారు. ఆఖరికి దుకాణాల వీధి మొదట్లో బియ్యపు అప్పడాలు కాల్చి అమ్ముతున్న ముసలావిడ మమ్మల్ని చూసి, చేతిలో పట్టకారు కింద పెట్టింది. మా కాళ్లు చూపించింది. చీపురుతో ఊడుస్తున్నట్టు చేసింది. ఏదో రెండు చేతుల్తో జాగ్రత్తగా ఎత్తుకుని నడుస్తున్నట్టు చేసింది. అటెన్షన్‌లో నిలబడి సెల్యూట్ కొట్టింది.

“పోలీసులు పట్టుకెళ్లారా!” అంది పిన్ని. “మనం ఏం చేశామని?”

“పట్టుకెళ్లలేదు. అప్పజెప్పారు,” అన్నాడు బాబాయి, మళ్లీ ప్రాణం లేచొచ్చి. “పోగొట్టుకున్న వస్తువులనుకుని ఊడ్చే మనిషి స్టేషన్‌లో ఇచ్చింది. చెప్పానా, ఇక్కడ ఏదీ పోదు!”

“మనం పోగొట్టుకోలేదుగా, విడిచాం,” అంది అమ్మమ్మ.

ఆ తేడా ఆ దేశంలో ఎవరికి చెప్పాలో మాకు తెలియలేదు. గుళ్లోకి బూట్లతోనే వెళ్లే చోట, వరసగా సర్దిన ఐదు జతల్ని చూస్తే, ఐదుగురు మనుషులు గాల్లో కలిసిపోయారనుకోవాలి గానీ ఇంకేమనుకుంటారు?

ఆ వీధంతా ఐదుగురం వట్టికాళ్లతో నడిచాం. ఎదురొచ్చే జనం రెండు పాయలుగా చీలి దారి ఇచ్చారు. ముందు బాబాయి, వెనక జరీ చీరలో అమ్మమ్మ, పులిహోర సంచీతో పిన్ని, “దిస్ ఈజ్ సో ఎంబరాసింగ్,” అని గొణుగుతూ చిట్టి, చివర్న నేను. ముఖద్వారం దగ్గర రోడ్డు పక్కన చిన్న పోలీసు గది ఉంది. లోపల బల్ల మీద తెల్ల కాగితం పరిచి, దాని మీద మా పాదరక్షలన్నీ, ముందు భాగాలు మా వైపు తిరిగి, పేరంటానికి వచ్చినంత బుద్ధిగా కూర్చుని ఉన్నాయి. వాటి వెనక ఒక యువ పోలీసు. ప్రాణం లేచొచ్చి నేను చెయ్యి చాపాను.

“పాస్‌పోర్ట్, ప్లీజ్,” అన్నాడు అతను, లేచి వంగి.

బాబాయి వివరించాడు. పాస్‌పోర్టు లాకర్‌లో ఉంది. లాకర్ తాళంచెవి బూటులో ఉంది. బూటు నీ బల్ల మీద ఉంది. పోలీసు మొత్తం విన్నాడు, చిన్న ఎలక్ట్రానిక్ డిక్షనరీ తీసి ఏవో మాటలు వెతికి అర్థం చేసుకున్నాడు, తల ఊపాడు. తర్వాత, ఆ బూటు మీదేనని నిర్ధారించడానికి, “పాస్‌పోర్ట్, ప్లీజ్,” అన్నాడు. బాబాయి మళ్లీ మొదట్నుంచీ చెప్పాడు. అతను మళ్లీ అంతే మర్యాదగా విన్నాడు. మూడోసారికి బాబాయి నుదుట చెమట పట్టింది. ఆయనకి చెమట పట్టడం నేను చూసింది ఆ ఒక్కసారే. గోడ మీద గడియారం వైపు చూడకూడదని నేను నిశ్చయించుకుని, నిమిషానికోసారి చూస్తున్నాను. రైలెక్కి నరిటా చేరాలంటే ఈపాటికి స్టేషన్‌లో ఉండాలి. చాండ్లర్ ఆంటీల చేతులు నా చెయ్యి నిమురుతున్నట్టే అనిపించింది. “ఏం ఫర్వాలేదమ్మా, టెస్టింగ్ కోర్సు...”

“అబ్బ, కాళ్లు లాగేస్తున్నాయే,” అంటూ అమ్మమ్మ అక్కడున్న కుర్చీలో కూలబడి, ఒక కాలు తీసి ఇంకో మోకాలి మీద వేసుకుంది.

పోలీసు కుర్రాడి మొహం మారిపోయింది. అతని చూపు అమ్మమ్మ పాదం మీద ఉంది. పాదం చుట్టూ ఎర్రటి పారాణి. అతను గబగబా లోపలికి పరుగెత్తి ఒక తెల్ల డబ్బాతో వచ్చాడు. అమ్మమ్మ ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు. దూది తీశాడు, మందు తడిపాడు, రెండు చేతుల్తో ఆవిడ కాలు పట్టుకున్నాడు.

“అయ్యయ్యో, ఇదేంటి బాబూ, నా కాళ్లు పట్టుకుంటావు!” అమ్మమ్మ కాలు వెనక్కి లాక్కోబోయింది. అతను వదల్లేదు. “సరే, పట్టుకున్నావు కాబట్టి... చల్లగా ఉండు నాయనా, శీఘ్రమే పెళ్లి అవుగాక,” అని అతని నెత్తి మీద చెయ్యి పెట్టింది.

“రక్తం అనుకుంటున్నాడే!” అంది పిన్ని.

అతను అరికాలు తుడిచాడు. దూదికి ఎరుపు రాలేదు. పచ్చగా, చిక్కగా, పసుపు వచ్చింది. అతను దూదిని చూశాడు. అరికాలిని చూశాడు. ఏదో జ్ఞాపకం వచ్చినవాడిలా లేచి, బల్ల దగ్గరికెళ్లి, అమ్మమ్మ తెల్ల బూటు ఎత్తి లోపలికి తొంగిచూశాడు. దాని అట్ట మీద అమ్మమ్మ పాదం, ఐదు వేళ్లతో సహా, పసుపు ముద్రగా అచ్చుపడి ఉంది. అతను నా వైపు తిరిగాడు. నేను అడక్కుండానే అరికాలు ఎత్తి చూపించాను. పిన్ని ఎత్తింది. చిట్టి ఒంటికాలి మీద గెంతుతూ ఎత్తింది. ఆ చిన్న పోలీసు గదిలో అమ్మమ్మ కుర్చీలో, మేం ముగ్గురం కొంగల్లా ఒంటికాలి మీద నిలబడితే, అతను ఒక్కొక్క జత ఎత్తి, లోపల పసుపు చూసి, ఎవరిది వాళ్లకి రెండు చేతులతో అందించి, ఒక్కొక్కరికీ విడివిడిగా వంగాడు. ఇంక పాస్‌పోర్టు మాట ఎత్తలేదు.

“మరి నాది?” అన్నాడు బాబాయి. ఆయన పాదాలు మాత్రం తెల్లగా ఉన్నాయి. “లెఫ్ట్ షూ. సాక్ లోపల. కీ.” పోలీసు చేతికి తొడుగు వేసుకుని ఎడమ బూట్లో చెయ్యి పెట్టి, మేజోడు తీసి, విదిల్చాడు. తాళంచెవి బల్ల మీద టంగుమని పడింది. ఎవడూ బూట్లో చెయ్యి పెట్టడన్న సిద్ధాంతం అక్కడితో ముగిసింది.

మేం తలుపు దాటబోతుంటే అతను పిలిచాడు. బల్ల మీద ఇంకో జత ఉంది. గోధుమరంగు మగవాళ్ల బూట్లు, పాతవే గానీ అద్దంలా పాలిష్ చేసినవి. ‘ఇవి కూడా కదా’ అన్నట్టు చూపించాడు. మావి కావని బాబాయి చెయ్యి ఊపాడు. పోలీసు తల పక్కకి వాల్చాడు. ఐదు జతలని చూపించి, ఆ ఆరో జతని చూపించి, రెండు చేతులూ దగ్గరికి చేర్చాడు. అన్నీ ఒక్కచోటే, ఒక్క వరసలోనే దొరికాయని. “నాట్ అవర్స్, థాంక్యూ!” అని అరుస్తూ బాబాయి అప్పటికే పరుగెత్తుతున్నాడు. చిట్టి బూట్ల లైట్లు వీధిలో ఎర్రగా మెరుస్తుంటే వాటి వెంట మేమూ పరుగెత్తాం.

విమానం దొరికింది. మేం ఎక్కాక తలుపు వేశారు, మా వెనక ఇంకెవరూ లేరు. “చెప్పానా, బోలెడు టైముందని,” అన్నాడు బాబాయి, బెల్టు పెట్టుకుంటూ. సోమవారం పొద్దున్న నేను ఆ పత్రికాఫీసులో నాకిచ్చిన కుర్చీలో కూర్చున్నాను. ప్రయాణం ఎలా సాగిందని మా ఎడిటర్ అడిగితే కథంతా చెప్పాను, పసుపు సంగతితో సహా. ఆయన ఎక్కడా నవ్వకుండా విని, “ఆరో జత ఎవరిది?” అన్నాడు. తెలీదన్నాను. “కనుక్కోలేదా?” అన్నాడు. విమానానికి టైమైపోయిందన్నాను. ఆయన మళ్లీ తన పనిలో పడ్డాడు. ఆ ఆఫీసులో నేను నేర్చుకున్న మొదటి పాఠం అది. ఉద్యోగం ఇంకా సగం పూట కూడా కాలేదు.

క్రిస్మస్ సెలవుల్లో బాబాయి కెమెరాని టీవీకి తగిలించి ఆ ఫొటోలన్నీ మాకు చూపించాడు. గుడిమెట్ల దగ్గర తీయించినవి మూడున్నాయి. మొదటిదాంట్లో అమ్మమ్మ కళ్లు మూసుకుంది. మా వెనకాల, కొంచెం దూరంలో, ముదురు రంగు కోటు వేసుకున్న ఒక పెద్దాయన ఆగి మా వట్టికాళ్ల వైపే చూస్తున్నాడు. రెండోదాంట్లో పిన్ని చేతిలో పులిహోర సంచీ. ఆ పెద్దాయన తన చుట్టూ ఉన్న జనం కాళ్ల వైపు చూస్తున్నాడు. మూడోదాంట్లో మేమంతా నవ్వుతున్నాం. ఆ పెద్దాయన మా బూట్ల వరస చివర, అమ్మమ్మ తెల్ల బూట్ల పక్కన, వంగి లేసులు విప్పుకుంటున్నాడు.

“హీ ఫాలోడ్ అస్,” అంది చిట్టి, నెమ్మదిగా.

“పాపం ఆయన శని కూడా మనతోపాటే వదిలింది,” అంది అమ్మమ్మ.

“వదల్లేదండీ, ఆయన బూట్లు ఆయనకి చేరే ఉంటాయి. జపాన్‌లో ఏదీ పోదు,” అన్నాడు బాబాయి.

ఇప్పుడు చాండ్లర్‌లో మా ఇంటి గుమ్మం ముందు శనివారాలు చెప్పుల గుట్ట పడినప్పుడల్లా, ఒంటికాలి మీద నిలబడి ప్రపంచానికి అరికాలు చూపిస్తున్న ఆ ఇరవయ్యారేళ్ల పిల్ల గుర్తొస్తుంది. తన జత తనకి దొరకగానే వెనక్కి చూడకుండా పరుగెత్తిందది. మూడో ఫొటోని నేను నా డెస్క్ మీద పెట్టుకున్నాను. అది చూసి ఎవరైనా ఆ పెద్దాయన ఎవరని అడిగితే, తెలీదంటాను. నవంబరు చలిలో ఆయన ఆ రోజు ఇంటికి బూట్లతో వెళ్లాడో, మేజోళ్లతో వెళ్లాడో కూడా ఇంతవరకూ తెలియలేదు.